తవుడు ధర

హోల్డర్నెస్ రోడ్డు మీద
పెద్ద దుకాణం అద్దంలో ఒక బుజ్జి కోటు.
కుందేలు చెవులు, ముత్యాల్లాంటి ఆరు గుండీలు,
పద్దెనిమిది పౌండ్లు.
నా లెక్కలో పద్దెనిమిది పౌండ్లంటే గంటన్నర:
ఎడ్నా గారి స్నానం, ఆవిడ తల దువ్వడం,
పైగదిలో మాట పడిపోయిన పెద్దాయన్ని
ఎడమ నుంచి కుడికి ఒత్తిగిలించడం.
కుందేలుకి అంత చాకిరీ ఎందుకని
రోడ్డు దాటాను.

ఇటు పక్క, చర్చి వాళ్ల పాతబట్టల కొట్టు.
తలుపు తోస్తే గంట మోగుతుంది.
ఉతికిన ఉన్ని వాసన, తడి గొడుగుల వాసన.
డొరీన్ ముసలమ్మ అందర్నీ 'లవ్' అంటుంది,
గల్లాపెట్టె ఎత్తుకుపోబోయిన కుర్రాణ్ని కూడా
అలాగే పిలిచిందట.
నా పొట్ట చూసి కుర్చీ జరిపి
బల్ల మీద కుప్ప పోసింది.

సంతలో వంకాయలు ఏరినట్టు ఏరాను,
పుచ్చుందా, ముచ్చిక గట్టిగా ఉందా అని.
భుజాల దగ్గర మడతలున్న బనీను తీసుకో అంది,
వీపుదాకా దొడ్డికి పాకించుకున్న రోజున
తల మీంచి కాదు, కాళ్లవైపుకి లాగెయ్యొచ్చు.
ఈ దేశమొచ్చాక ఇంత పనికొచ్చే మాట
నాకెవరూ చెప్పలేదు.
టిక్కు గుండీలవి వద్దు,
రాత్రి మూడింటికి ఎప్పుడూ ఒకటి మిగిలిపోతుంది.
జిప్పుదే తీసుకో, అదీ కిందినుంచి తెరుచుకునేది.
తెలుపు వద్దన్నాను నేను.
వచ్చేది ఎవరైనా పసుపు సరిపోతుంది.

అడుగున ఒక పసుపు గౌను లాంటిది, కాళ్లున్నది.
మెడ చీటీ మీద నీలం సిరాతో 'ఓలీ'.
ఓలీ ఎవరో.
ఈపాటికి బడికి పోతున్నాడేమో,
సైకిలు మీంచి పడుతున్నాడేమో.
మోకాళ్ల దగ్గర గుడ్డ పలచబడింది.
పాకాడు. బతికాడు.
అది చూసి తీసుకున్నాను.

నాకు ముందు ఇద్దరు.
ఒకడు ఇరవై రోజులు,
ఒకత్తి పేరు పెట్టేదాకా కూడా కాదు.
నేను పుట్టగానే అమ్మ నన్ను మంత్రసాని చేతిలో పెట్టేసి
సోలెడు తవుడు పోసి మళ్లీ కొనుక్కుంది.
చావు వచ్చి చూసినా
ఇంత చవక సరుకు మనకెందుకని పోవాలి.
నా మొదటి జుబ్బాలు
పిల్లలు తిరిగే ఇళ్లకి పోయి అడుక్కొచ్చినవి.
అందుకే తవిటమ్మని.
ఇక్కడ బ్యాడ్జి మీద 'తవి'.

తవి అంటే ఏమిటంది డొరీన్.
తవుడని చెప్పాను,
మా దగ్గర గేదెలకి పెడతారు,
మీరు పొద్దున్నే పాలు పోసుకుని తింటారు.
నవ్వింది.
మిగతాది కూడా చెప్పాను, చెప్పకుండా ఉండాల్సింది.
మడిచిన బనీన్లే మళ్లీ మడిచింది కాసేపు.
"నాకూ ఒకడుండేవాడు, డెబ్బై రెండులో"
అంది. అంతే అంది.

పదకొండు చిన్న బట్టలు, ఒక టోపీ.
ఊరికే పట్టుకుపో లవ్, అంది.
అలా కుదరదన్నాను.
కొనాలి, ఎంతో కొంత చేతిలో పెట్టాలి,
లేకపోతే బేరం జరిగినట్టు కాదు.
నా మొహంలోకి చూసి
పెట్టె తెరిచి
నాలుగు పౌండ్ల ఇరవై పెన్నీలు లెక్కపెట్టి తీసుకుంది,
చిల్లరతో సహా, కచ్చితంగా, శనగలమ్మేదానిలాగా.

కుందేలు కోటు గుర్తుకు రాలేదని కాదు.
బస్సు దాని ముందునుంచే పోతుంది.
గోవిందు రాత్రంతా పార్సిళ్లు మోసి
ఈపాటికి పడుకుని ఉంటాడు,
వాడికి ధర చెప్పను, అసలు చూడలేదంటాను.

సంచి ఒళ్లో పెట్టుకున్నాను.
హంబర్ మీంచి గాలి ఆగిన చోటల్లా లోపలికొస్తోంది.
కడుపులోది ఒక్కసారి తన్నితే సంచి కదిలి
ఓలీ పసుపు కాలొకటి బయటికి వేలాడింది.
చలి అని
లోపలికి తోశాను.